ఖాళీ అనుకున్న కుడి పక్క

మొదలుపెట్టినప్పుడు నా దగ్గర పందొమ్మిది వందల రూపాయలున్నాయి. ఆదోని పత్తి మార్కెట్లో కాటా పక్కన నిలబడి, తూకాలు నోటితోనే కూడి చెప్పే పనిలో దాచిన డబ్బు. దాంతో దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర రెండు క్యాసెట్ల టేప్‌రికార్డరు, మైకు కొన్నాను. అది 1985. పాటలు నింపిచ్చే కొట్లు ఊళ్ళో అప్పటికే చాలా ఉన్నాయి. ఇంకొకటి పెడితే ఈగలు తోలుకోవాల్సిందే. అందుకని నేను పాటలు అమ్మలేదు. ఉత్తరాలు అమ్మాను.

గల్ఫ్‌కు పోయిన మొగుళ్ళకు ఇక్కడి ఆడవాళ్ళు క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్ళు. చదువు రాకపోయినా పని జరుగుతుంది. చిక్కల్లా అక్కడే. గదికి పదిమంది, గదికంతా ఒకటే మెషీను. ఎవరి క్యాసెట్ వచ్చినా అందరూ కూర్చుని వింటారు.

మా అక్క హసన్‌బీకి జరిగింది అదే. నికా అయిన నెలకే గఫూర్ బావ కువైట్ వెళ్ళిపోయాడు. అక్క ఎమ్మిగనూరులో అత్తగారింట్లో ఉండిపోయింది. మొదటిసారి సిగ్గు చంపుకుని నాలుగు మాటలు క్యాసెట్లో మాట్లాడి పంపితే, అక్కడ మేస్త్రీలు ఆ మాటల్నే అరిచి బావను పనికి పిలిచారట. ఆ తర్వాత అక్క మైకు ముందు నోరు తెరవలేదు.

"ఆయన మొగం నాకు సరిగ్గా గుర్తు ల్యాదురా జిలానీ," అనింది ఒకరోజు. "గొంతొకటే గుర్తుండాది. అది కూడా పోతే నాకేం మిగులుతాది?"

ఆ మాట కోసమే నేను ఉపాయం వెతికాను.

స్టీరియో టేపు మీద రెండు దారులుంటాయి. ఎడమది, కుడిది. మామూలుగా పాట రెండింటిలోనూ పోతుంది. నేను లోపలి తీగలు తెంచి, మళ్ళీ అతికి, పాటను ఎడమ దారిలోకి మాత్రమే పంపాను. కుడి దారి ఖాళీ అయింది. మైకును దానికి కలిపాను. వినేటప్పుడు బ్యాలెన్స్ బిళ్ళను ఎడమకు తిప్పితే ఖవాలీ. కుడికి తిప్పితే భార్య. ఆ కిటుకు మొగుడొక్కడికే ముందుగా చెప్పి పంపేవాళ్ళం. అట్ట మీద 'ఖవాలీలు' అని రాసి, ఎవరూ దాని మీద మళ్ళీ రికార్డు చేయకుండా క్యాసెట్ వెనకున్న రెండు ప్లాస్టిక్ చెవులూ విరిచేసేవాణ్ణి. పైన గుడ్డ చుట్టి, ఎర్ర దారంతో కుట్టి, లక్క ముద్ర వేసేవాళ్ళం. గుట్టు బయటపడే మార్గమే లేదని నా లెక్క. అక్క కూడా మళ్ళీ మైకు పట్టింది.

మేం రికార్డు చేసే గది పీరా సాబ్ మామది. పరుపుల కొట్టు వెనక దూది నింపుకునే గది. కిటికీ లేదు. బయటి చప్పుడు రాకుండా నాలుగు గోడలకూ బొంతలు వేలాడదీశాను. తలుపేస్తే పట్టపగలే కారుచీకటి. కొత్త దూది వాసన, మెషీనులో వేడెక్కిన రబ్బరు వాసన. ముందు కొట్టులో మామ దూదేకే విల్లు మాత్రం ఎన్ని బొంతలు కట్టినా ఆగేది కాదు. టంయ్... టంయ్... అని లోపలికి పాకేది.

"ఆ కుడి పక్క ఖాళీ అని నీకెట్ల తెలుసురా లెక్కలోడా?" అన్నాడు మామ, నా పనితనం చూపించినప్పుడు.

"విన్నా కదా మామా. ఏమీ వినపడలేదు."

"వినపడకపోతే ఎవురూ లేనట్టేనా? రాత్రయితే మా ఇంట్లోనూ ఏమీ వినపడదు. మీ అత్త ఆడనే ఉంటాది, కండ్లు తెరుసుకోని!"

ఇద్దరమూ పడీపడీ నవ్వుకున్నాం.

కొట్టు ముందు ఒక బిస్కెట్ల డబ్బా వేలాడదీశాను. గల్ఫ్ నుంచి ఊరికొచ్చేవాళ్ళు తోటివాళ్ళ జవాబు క్యాసెట్లు తెచ్చి అందులో వేసి పోయేవాళ్ళు. ఎవరు వేశారని నేనెప్పుడూ అడగలేదు. గొంతు వింటే తెలిసిపోతుంది కదా మనిషెవరో. దాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది?

మొదట్లో బావ జవాబులు సాదాగా వచ్చేవి. పాటలుండవు, రెండు పక్కలా ఆయన గొంతే. ఎండ, సిమెంటు, ఖర్జూరాలు, కాంట్రాక్టరు మీద తిట్లు. అక్క ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చి, గదిలో ఒక్కతే కూర్చుని వినేది. బయటికొచ్చేటప్పటికి మొహం ఎర్రగా ఉండేది. వచ్చేటప్పుడు క్యాసెట్లు చుట్టడానికి మగ్గం గుడ్డ ముక్కలు తెచ్చేది. అవే ఆమె నాకిచ్చే రుసుము.

ఎండలు ముదిరే వేళకు జవాబులు మారాయి. ఎడమ పక్క ఖవాలీ, కుడి పక్క బావ. ఆయన కూడా నా విద్య నేర్చేసుకున్నాడని మురిసిపోయాను. గొంతు మాత్రం తగ్గింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు...

"ఈడ సీకటే హసనూ. దూది వాసన. నువ్వే గుర్తొస్తావు."

ఆ పై జవాబులో, "నేను రాలేను. నువ్వే రా."

"యాడికి రమ్మంటాడురా? కువైట్‌కే?" అని అక్క నా చొక్కా పట్టుకుని ఊపేసింది. పెళ్ళినాడు కూడా ఆమెను అంత సంతోషంగా చూడలేదు. "పాస్‌పోర్టుకు ఎవురిని అడగాల్నో కనుక్కోరా!"

కనుక్కుంటానన్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం గోనెగండ్ల యేసేపు వచ్చాడు. బావతో పాటే కువైట్లో తాపీ పని చేసేవాడు. భుజాన ఒక రెగ్జిన్ సంచి. మామ మంచం మీద కునుకు తీస్తున్నాడు. యేసేపు సంచిని నా ముందు పెట్టి, నిలబడే ఉన్నాడు.

"కూర్చో అన్నా. మా బావ ఎట్లున్నాడు?"

ఆయన నా వైపు వింతగా చూశాడు.

"టెలిగ్రాం ఇచ్చినామని చెప్పిరి కదప్పా కంపెనీవాళ్ళు... మీకు రాలేదా?"

"ఏం టెలిగ్రాం?"

"గఫూరు గోడకు కట్టిన సారువ కట్టెల మీద నుంచి పడిపాయ. ఆడనే మట్టి చేసిరి. ఫిబ్రవరిలో." సంచిని నా వైపు జరిపాడు. "నేనే ఒక పిడికెడు మన్ను యేసినా జిలానీ. నువ్వట్ల చూడొద్దు."

తీసివేత నా తలలో దానంతట అదే జరిగిపోయింది. ఖవాలీ జవాబులన్నీ ఫిబ్రవరి తర్వాత వచ్చినవే.

సంచి విప్పాను. రెండు చొక్కాలు, ఒక గడ్డం కత్తి. అడుగున గుడ్డ చుట్టిన క్యాసెట్లు. ఎర్ర దారం. లక్క ముద్రలు చెక్కుచెదరలేదు. అక్క చివరగా మాట్లాడిన ఉత్తరాలన్నీ అవే. వాటిని ఎవరూ విప్పలేదు, ఎవరూ వినలేదు. అయినా ప్రతిదానికీ జవాబు వచ్చింది.

యేసేపు వెళ్ళిపోయాక గదిలోకి పోయి, చివరి జవాబు మెషీనులో పెట్టాను. బిళ్ళ ఎడమకు తిప్పాను. ఖవాలీ మొదలైంది. రెండో చరణంలో గాయకుడి గొంతు ఒక్క క్షణం నత్తిగా తడబడి, మళ్ళీ సర్దుకుంది.  ఆ తడబాటు పాటలో లేదు. నేను పాట ఎక్కించే నా అసలు క్యాసెట్ ఒకసారి మెషీనులో చిక్కుకుని నలిగింది. ఆ నలిగిన చోటు అది. నలిగాక దాంతో ఏ క్యాసెట్టూ నింపలేదు, అది ఈ గది దాటి ఎప్పుడూ బయటికి పోలేదు.

బిళ్ళ కుడికి తిప్పాను. బావ గొంతు. దాని వెనక, ఎక్కడో దూరంగా...

టంయ్... టంయ్...

జవాబు కువైట్ నుంచి రాలేదు. ఈ గదిలోనే ఎవరో కూర్చుని మాట్లాడారు.

పరుగున బయటికొచ్చాను. అప్పుడే అక్క బస్సు దిగి ఎండలో నడిచొస్తోంది, చంకలో గుడ్డ ముక్కల మూట. తిన్నె మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, సంచి చూపించి చెప్పాను. కుట్లు విప్పని క్యాసెట్లను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని తడిమింది. ఏడవలేదు.

"నాకు తెలుసురా," అనింది.

"ఏం తెలుసు?"

"పీరా మామ విల్లు నాకు వినపడదనుకున్నావా? వింటానే ఉండా. ఈ గదిలోనే మాట్లాడినారని మొదటిరోజే తెలిసిపాయ. కువైట్ అని నన్ను నేనే నమ్మించుకుంటి."

"మరి చెప్పలేదేం అక్కా? అది బావ కాదు!"

"ఎవురైతే ఏందిరా?" నా వైపు చూడకుండా గుసగుసగా అనింది. "నెల కాపురం చేసినోడు సచ్చిపాయ. గొంతు మాత్రం హసనూ అని పిలుస్తానే ఉండాది. ఆడ మా అత్త నన్ను పేరు పెట్టి కూడా పిలవదు. గొడ్డుమోతుదానా అంటాది. నన్నేం చేయమంటావు?"

"ఈ మెషీను ఇప్పుడే పగలగొడతా."

"పగలగొట్టు. ఒక్కసారి... ఒక్కటే మాట అడిగి వస్తా."

లేచాను. నాకంటే ముందే ఆమె లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు.

వెంటనే కొట్టులో తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది. హమ్మయ్య అనుకున్నాను. కరెంటు లేకపోతే మెషీను తిరగదు కదా.

లోపల ఖవాలీ మొదలైంది.

"అక్కా! తలుపు తియ్!"

రెండు చేతులా బాదాను. మామ ఉలిక్కిపడి లేచాడు. మేకుకు తగిలించిన విల్లు... దాన్నెవరూ ముట్టుకోలేదు... నరం సన్నగా అదురుతోంది. జుయ్‌య్...

"లెక్కలోడా," అన్నాడు మామ. "లోపల ఎంతమంది ఉండారురా?"

నాకూ వినపడింది. అక్క గుసగుస. దానికి జవాబు. ఆ జవాబుకు ఇంకో జవాబు. ఆమె కాదు. బావా కాదు.

ఇద్దరం భుజాలతో గుద్దాం. తలుపు విరిగింది.

గది ఖాళీ.

బొంతలన్నీ చింపి చూశాం. వెనక గోడలే. దూది గుట్ట మీద ఒక మనిషి కూర్చుని లేచినంత గుంట. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. పక్కన ఆమె గుడ్డ ముక్కల మూట. మెషీను తీగ ప్లగ్గులోంచి ఊడి నేల మీద పడి ఉంది.

ఎమ్మిగనూరు, ఆలూరు, బస్టాండ్లు, దర్గాలు... వెతకని చోటు లేదు. ఎవడితోనో లేచిపోయుంటుందని పోలీసులు నవ్వారు. అత్తగారు వీధిలో నిలబడి అదే మాట అరిచింది. గఫూర్ చావు గురించి చెబితే వినలేదు. తన కొడుకు బతికే ఉన్నాడట. మొన్ననే మా కొట్టు డబ్బాలోంచి ఆయన క్యాసెట్ తీసుకుని విన్నదట.

మామ విల్లు దింపేసి ఆలూరులో కూతురింటికి పోయాడు. నేను కొట్టు మూశాను. ఆడవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. నిన్న హుసేనమ్మ వచ్చి నవ్వుతూ చెప్పింది. "మా ఆయన కూడా పాటలెనక మాట్లాడేది నేర్సినాడప్పా! ఈ మధ్య గొంతు బొంగురుపాయ గానీ, రమ్మంటాండాడు." ఆ గొంతు ఆయనది కాదని చెప్పాను. నా మొహం మీదే మూతి తిప్పుకుని పోయింది.

ఈ రోజు పొద్దున డబ్బాలో ఒక క్యాసెట్ ఉంది. చుట్టిన గుడ్డ ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ. ఎర్ర దారం.

తలుపు లేని గదిలో కూర్చుని పెట్టాను. బిళ్ళ కుడికి తిప్పాను.

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత...

"జిలానీ. ఈడ సీకటేరా. దూది నోట్లోకొస్తాంది. మీ బావ ఈడ లేడు. ఎప్పుడూ లేడు." ఊపిరి. "ఇంకెవురో ఉండారు. ఒక్కరు కాదు. నా గొంతు నేర్సుకుంటాండారు... నేను పిలిచినా నువ్వు రావద్దు."

వెంటనే అదే గొంతు, తడబాటు లేకుండా, మెత్తగా, "జిలానీ. నువ్వే రా," అనింది.

ఏది అక్క? రెండూ అక్కే. గొంతును మించిన సాక్ష్యం నా దగ్గర లేదు.

తర్వాత ఎవరో తలుపు బాదిన చప్పుడు. 'అక్కా! తలుపు తియ్!' అని నా అరుపు. ఆ రోజుది. దాని తర్వాత నిశ్శబ్దం. టేపు అరగంటది. నేను మొదలుపెట్టి గంట దాటింది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

చివరికి ఇంకో గొంతు వచ్చింది. దగ్గరగా, మైకుకు పెదాలు ఆనించి మాట్లాడినట్టుగా.

"అక్కా, ఈడ ఉండలేకపోతాండా. నేనూ వస్తాండా. దారి చెప్పు."

ఆ గొంతు నాది.

ఆ మాటలు నేనింకా మాట్లాడలేదు. కానీ పొద్దుట్నుంచీ నా మనసులో తిరుగుతున్నవి అవే, అక్షరం కూడా తేడా లేకుండా.

కొత్త క్యాసెట్ విప్పి మెషీనులో పెట్టాను. తీగ ప్లగ్గుకు తగిలించలేదు. అవసరం లేదని తెలుసు. గదిలో ఎక్కడి నుంచో సన్నగా, టంయ్... అని మొదలైంది. మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. రికార్డు కావాలంటే రెండు మీటలూ ఒకేసారి నొక్కాలి.

రెండింటి మీదా వేళ్ళు పెట్టాను.