కారణం: కుటుంబ అవసరం

సౌదీలోని యాన్బు పాత బజారులో టైపింగ్ షాపు నడిపే అబ్దుల్ ఘనీకి తన మీద తనకు చాలా మంచి అభిప్రాయం ఉండేది. దాన్ని ఆరేళ్ళుగా జాగ్రత్తగా పెంచుకుంటూ వచ్చాడు. జబీ అనే అమ్మాయి వచ్చి, కుర్చీలోనైనా కూర్చోకుండా, పది నిమిషాల్లో దాన్ని పాడు చేసి పోయింది.

ఘనీది జగిత్యాల. వీసా ఇచ్చిన సౌదీ యజమాని, అంటే కఫీలు దగ్గర ఆ రోజు మిగిలింది అదొక్కటే కాబట్టి ఇకామాలో, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డులో, అతని ఉద్యోగం 'తోటమాలి'. ఇంతవరకు ఒక్క మొక్కకు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. చేసేదల్లా అరబీ రాని కార్మికులకు సెలవు కాగితాలూ, ఊరెళ్ళే కాగితాలూ అరబీలో కొట్టివ్వడం. వాళ్ళు వాటిని తీసుకెళ్ళి, కంపెనీ తరఫున సర్కారీ పనులు చూసే మందూబ్ చేతిలో పెడతారు.

ఈ పని కోసం ఘనీ కంప్యూటర్లో సొంతంగా ఒక పేజీ తయారు చేసుకున్నాడు. పేరు, నంబరు, కింద రెండు బటన్లు. ఒకటి 'ఖురూజ్ నిహాయీ', అంటే ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోవడం. రెండోది 'ఖురూజ్ అవ్దా', అంటే వెళ్ళి మళ్ళీ రావడం. బటన్ నొక్కితే కాగితమంతా అరబీలో తయారై వస్తుంది. 'కారణం' అనే గడిలో 'కుటుంబ అవసరం' అని ముందే పడి ఉంటుంది.

ఆ రోజు సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఘనీ షట్టర్ ఎత్తి, రిఫైనరీలో పెయింటర్‌గా చేసే హన్మాండ్లుకు కాగితం కొడుతున్నాడు. తల్లితో కలిసి లోపలికి వచ్చిన జబీ కౌంటర్ మీద పెన్ డ్రైవ్ పెట్టింది.

"భాయ్, ఇందులో మూడు ఫైళ్ళుండాయి, ప్రింట్ తీయాల." అంటూనే స్క్రీన్ మీదికి వంగింది. "ఇదేంది, రెండు బటన్లూ పచ్చగానే పెట్టినారే? పక్కపక్కనే వేరే. తప్పుది నొక్కితే?"

"నొక్కేది నేనే గద మేడం. నేను తప్పు నొక్క."

"అందరూ అట్లనే అంటారు."

"అందరి సంగతి నాకెర్కలేదు. ఆరేండ్ల సంది నొక్కుతున్న, ఒక్కటి తప్పు పోలే. కావాల్నంటే హన్మాండ్లన్నను అడుగుండ్రి."

హన్మాండ్లు తల గోక్కున్నాడు. "నాకేమెర్క బిడ్డా. ఈయన ఏం గొట్టిస్తే గదే పట్కపోత. ఇప్పటిదాంక అయితే పోయి వస్తనే ఉన్న."

జబీ బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది.

"ఏం రాస్తున్నరు?"

"తను అడిగింది తన కాగితంలో ఉండాదో లేదో, కాగితం తీసుకునేవానికే తెలీదు అని. అందరికీ కారణం కూడా ఒకటేనా? అడగనే అడగరా?"

"అడిగినా అదే చెప్తరు. ఎవలన్న ఎందుకు పోతరు ఇంటికి?"

ఘనీకీ జబీకీ ఇంట్లో ఉర్దూయే. కానీ బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఇద్దరు పాకిస్తానీ డ్రైవర్లకు ఉర్దూ బాగా వచ్చు. అందుకని పోట్లాట తెలుగులో సాగింది. జబీ తల్లి మెహరున్నిసా ఏసీ కింద కుర్చీ చూసుకుని, కళ్ళు మూసుకుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చుంది. ఆమెను ఘనీ లెక్కలోకి తీసుకోలేదు. ఈ కథలో అతను చేసిన మొదటి తప్పు అది.

ప్రింటర్‌లోంచి వచ్చినవి మూడు కాలేజీల బ్రోచర్లు. మూడింటి మీదా యూఎక్స్ డిజైన్ అని ఉంది.

"యూఎక్స్ అంటే ఏంది?"

"మనిషి ఒక వస్తువును వాడేటప్పుడు యాడ తికమక పడతాడో చూసి, ఆ తికమక తీసేయడం."

"గా మాత్రం దానికి కాలేజీ ఎందుకు? నా షాపుకు రండి, తికమక కావల్సినంత ఉంటది."

ఎగతాళికే అన్నాడు. జబీ మాత్రం మర్నాడు అసర్ తర్వాత తల్లితో, గింజల పొట్లంతో సహా వచ్చి కూర్చుంది.

విషయం ఏమిటంటే, కుటుంబాల మీద తలకింత అని సర్కారు వేసిన లెవీ జూలైలో మళ్ళీ పెరగబోతోంది. జబీ తండ్రి మౌలా సాహెబ్ రిఫైనరీ కాంట్రాక్టులో వెల్డరు. జూన్‌లో ఇకామాలు రెన్యువల్‌కు వచ్చేలోపు భార్యనూ కూతురినీ ప్రొద్దుటూరుకు పూర్తిగా పంపేయాలని తేల్చేశాడు. జబీ డిగ్రీ ఇక్కడే ఉండి దూరవిద్యలో పూర్తి చేసింది. ఊరికి పోయాక బి.ఎడ్. చేయాలన్నది తండ్రి మాట. ఆమెకు యూఎక్స్ చదవాలని ఉంది. దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. 'నాకు నోరు తిరగని చదువు నీకు కూడు పెడతాదా' అని ఆయన పెన్ను ముట్టుకోవడం లేదు.

"ముందుగాల ఏ కాలేజో మనం తేల్చుకుందాం, సంతకం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు ఘనీ. ఎప్పుడు 'మనం' అయ్యారో అతనికీ తెలియదు.

"బ్రోచర్ చూస్తే పుణే బాగుండాది భాయ్."

పుణే బ్రోచర్‌లో ప్రతి పేజీలోనూ బీన్‌బ్యాగుల మీద పడుకుని లాప్‌టాప్‌ను చూసి నవ్వుతున్న పిల్లలున్నారు.

"బ్రోచర్ ఎవలన్న అచ్చేస్తరు. ఫారం తెరువుండ్రి. ఫారం చూస్తే ఆఫీసు ఎసొంటిదో తెలుస్తది. నేను ఆరేండ్లల్ల నేర్చుకున్నది గదొక్కటే."

పుణే ఫారం తొమ్మిదో పేజీలో ఫ్యాక్స్ నంబరు అడిగింది. ఇవ్వకపోతే ముందుకు పోనంది.

"ఫ్యాక్స్ అడిగేటోళ్ళు మీకేం డిజైన్ నేర్పుతరు?" అన్నాడు ఘనీ. పుణే పోయింది.

బెంగళూరు ఫారం తండ్రి ఉద్యోగం మూడు చోట్ల, భర్త ఉద్యోగం ఒక చోట అడిగి, ఇరవై నిమిషాలు దాటిందని నింపినదంతా చెరిపేసింది.

"నా గురించి ఒక్క ముక్క అడగలేదు," అంది జబీ. బెంగళూరూ పోయింది.

మైసూరు కాలేజీ చిన్నది, ఇరవై సీట్లు. ఫారం ఒకటే పేజీ. పేరు, ఫోను, తండ్రి సంతకం, ఒకే ఒక ప్రశ్న: 'మీ చుట్టూ ఎవరు, ఏ పనిలో తికమక పడుతున్నారు? కొన్నాళ్ళు దగ్గరుండి చూడండి. సరిచేసి మాకు చూపండి.'

ఇద్దరూ ఆ ప్రశ్నను రెండుసార్లు చదివారు.

"ఇదే," అంది జబీ.

"ఇదే," అన్నాడు ఘనీ, సీటు తనకు వచ్చినంత సంతోషంగా.

అలా మూడు వారాలు ఆమె షాపులో కూర్చుని, వచ్చేవాళ్ళను పోయేవాళ్ళను చూసి రాసుకుంది. ప్రేమ కథ గనక ఇక్కడ వాన పడాలి. యాన్బులో పడలేదు. ఏసీ కారింది. నీళ్ళు జబీ నోట్‌బుక్ మీద పడకుండా ఘనీ ప్రింటర్ ట్రే ఎత్తి పట్టుకుని ముప్పావు గంట నిలబడ్డాడు. కావలసిందల్లా బకెట్ పెట్టడమేనని పాకిస్తానీ డ్రైవరు ఒకడు చెప్పినా వినిపించుకోలేదు. అతనికి ఆమె అంటే ఇష్టం కలిగింది, అది అతనికి బాగానే తెలుసు. ఆమె 'భాయ్' అన్నప్పుడల్లా మాత్రం గుండెకు ఎవరో స్టేప్లర్ కొట్టినట్టుండేది.

చివరి రోజు జబీ తను తయారు చేసిన పేజీని పెన్ డ్రైవ్‌లో పెట్టిచ్చింది. పచ్చ గడిలో వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చే విమానం బొమ్మ, ఎర్ర గడిలో వెళ్ళిపోయే విమానం ఒక్కటే. అవే బొమ్మలు కాగితం మీద కూడా పడతాయి. కారణం గడి ఖాళీగా ఉంది.

"నా పేజీ జోలికి రాకుండ్రి. తప్పు పోని దాన్ని మార్చుడెందుకు?" అని ఘనీ పెన్ డ్రైవ్‌ను సొరుగులో పడేశాడు. జబీ ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మౌలా సాహెబ్ స్వయంగా వచ్చాడు. జబీ కూడా వచ్చి వాకిలి దగ్గరే, ఇటు చూడకుండా నిలబడింది.

"రెండు కాగితాలు కొట్టప్పా. ఒకటి మా ఇంటామెకు, ఒకటి బిడ్డకు. రెండూ నిహాయీయే."

ఘనీకొక అలవాటుంది. కాగితం ఇచ్చేముందు అందులో ఏముందో తెలుగులో చదివి వినిపిస్తాడు. ఆ రోజు వినిపించలేదు. 'జబీ మళ్ళీ రాదు' అని తన నోటితో అనాలనిపించలేదు.

ఆ కొరత మౌలా సాహెబ్ తీర్చాడు. ఆయన చిన్నప్పుడు మదర్సాలో ఖురాన్ చదవడం నేర్చిన మనిషి. అరబీ అక్షరం కనబడితే వదలడు, అర్థం తెలియదనేది వేరే సంగతి. రెండు కాగితాలనూ దీర్ఘాలు పోకుండా గడగడా చదివి, "సరిగ్గా ఉండాయి," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం ముగ్గురూ వచ్చారు. మౌలా సాహెబ్ కాగితం కౌంటర్ మీద కొట్టాడు.

"ఏందప్పా ఇది? మందూబ్ నగుతాండాడు. మా ఇంటామెను పూర్తిగా పంపిస్తావంట, బిడ్డను మాత్రం మళ్ళీ రమ్మంటావంట. తల్లి లేకుండా నా బిడ్డ ఈడ ఏం చేయాల?"

ఘనీ కాగితం చూశాడు. 'అవ్దా' అని స్పష్టంగా ఉంది. కంప్యూటర్ మీద తోసేయవచ్చు. దానికి నోరు లేదు.

"తప్పు నాదే చాచా," అన్నాడు.

జబీ ముందుకొచ్చి తండ్రిని అడిగింది. "అబ్బా, ఈ కాగితం నువ్వు చదివినావు కదా?"

"చదివినా. ఒక్క అక్షరం పోకుండా."

"మరి తెలీలేదా?"

ఆయన కళ్ళద్దాల కోసం జేబు తడుముకున్నాడు. ఆమె నోట్‌బుక్‌లోంచి తన పేజీ ప్రింట్ తీసి ముందు పెట్టింది. "ఇందులో నాకు కావాల్సింది ఏదో చెప్పు. కళ్ళద్దాలు వద్దులే."

మౌలా సాహెబ్ వెంటనే ఎర్ర గడి మీద వేలు పెట్టాడు. "ఇది. పోయేది, రానిది."

"నేను మైసూరులో చదవాలనుకునేది ఇదే అబ్బా."

ఆయన తను చదివిన కాగితాన్నీ కూతురు గీసిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. "ఇది నేర్పేదానికి కాలేజీ ఉండాదా?"

"ఇరవై సీట్లే ఉండాయి."

"సంతకం యాడ పెట్టల్ల?"

జబీ వేలు పెట్టి చూపించిన చోట సంతకం పడింది. అక్కడితో అందరూ ఇంటికి పోవాల్సింది. కానీ మౌలా సాహెబ్ పెన్ను మూస్తూ ఆగాడు.

"అది సరే. ఆరేళ్ళు తప్పు పోని చెయ్యి నా బిడ్డ కాగితం మీదే ఎందుకు పోయింది?"

ఏసీ కింద నుంచి గింజ కొరికిన చప్పుడు వినిపించింది. మెహరున్నిసా కళ్ళు తెరవలేదు.

"నా కాగితం మీద ఎందుకు పోలేదో అడుగు ముందు. రెండూ ఒకే పూట కొట్టినాడు. నన్ను పంపేదానికి ఆ చెయ్యి వణకలేదు."

"నువ్వు నిద్ర పోతాండావనుకున్నా," అన్నాడు మౌలా సాహెబ్.

"మూడు వారాలుగా చూస్తాండా. నీ బిడ్డ షాపును చూసింది, నేను వీళ్ళిద్దర్నీ చూసినా. ముప్పావు గంట ట్రే మోసినాడు, బకెట్ పక్కనే పెట్టుకొని."

ఘనీ చెవులు వేడెక్కాయి. ఇక దాచేదేమీ మిగల్లేదు.

"కావాలని చేయలే చాచా. కానీ చేసిన. ఆమె మళ్ళ రాదని కొట్ట చేతులు రాలే. నాకు జబీ అంటే ఇష్టం."

మౌలా సాహెబ్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "నీ ఇకామాలో పని ఏమని ఉండాది?"

"తోటమాలి."

"వచ్చే ఏడు ఈ కుర్చీలో నువ్వే ఉంటావా?"

"తెల్వది. ఈ పనులు గూడ సౌదీలకే ఇస్తరంటున్నరు. జగిత్యాలల్ల మీ-సేవ పెట్టుకోవాల్నని ఉన్నది."

"అడిగినోళ్ళకు నచ్చే జవాబు ఒక్కటన్నా చెప్పు," అంది మెహరున్నిసా.

"ముందు కాగితం సరిగ్గా కొట్టు," అన్నాడు మౌలా సాహెబ్.

ఘనీ సొరుగు లాగి పెన్ డ్రైవ్ తీశాడు. తన పేజీ మూసి జబీ పేజీ తెరిచాడు. పేరు కొట్టాడు. ఎర్ర విమానం మీద వేలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, నొక్కాడు. ప్రింట్ తీసుకుని ఈసారి అలవాటు తప్పలేదు, తెలుగులో చదివి వినిపించాడు.

"పేరు జబీ. తండ్రి పేరు మౌలా సాహెబ్. యాన్బు నుంచి పోతది. మళ్ళ రాదు."

చివరి రెండు మాటలు సరిగా బయటికి రాలేదు. మౌలా సాహెబ్ కాగితం అందుకుని ఈసారి చదవలేదు. బొమ్మ చూశాడు, తర్వాత ఘనీ ముఖం చూశాడు.

"తప్పు పోయిన చెయ్యే సరిదిద్దింది," అన్నాడు నెమ్మదిగా. "బిడ్డను అడగల్ల. ఆమె ఊ అంటే, చదువు అయినాక నిఖా. అంతదాంకా మాటలు వద్దు."

"ఫోన్లో మాట్లాడుకుంటారులే. మీ అమ్మను తీసుకొని ఒకసారి ప్రొద్దుటూరు రా నాయనా," అంది మెహరున్నిసా, పొట్లం మడుస్తూ.

అందరూ జబీ వైపు చూశారు. జబీ కంప్యూటర్ వైపు చూసింది.

"ఇంగ నీ కాగితం కొట్టు."

"నాదెందుకు?"

"మీ అమ్మను తీసుకొని మా ఊరికి రావాలంటే సెలవు వద్దా, ఘనీ?"

వెనక ఇంకో మాట వస్తుందేమోనని ఘనీ ఎదురుచూశాడు. రాలేదు. మూడు వారాల్లో మొదటిసారి ఆమె 'భాయ్' అనలేదు.

అతను తన పేరు, నంబరు కొట్టి పచ్చ విమానం నొక్కాడు. పేజీ కదల్లేదు. తిరిగి వచ్చే సెలవుకు కారణం గడి ఖాళీగా ఉంటే ముందుకు పోకుండా పేజీని కట్టింది మహాతల్లి. ఆరేళ్ళలో ఎవరికీ కొట్టే పని లేకుండా దానంతట అదే పడిపోయిన రెండు మాటలను ఘనీ ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. కుటుంబ అవసరం.

జబీ స్క్రీన్ మీదికి వంగింది. "ఎవురి కుటుంబం?"

"మనది. ఇంకా కాలే," అన్నాడు ఘనీ. "గందుకే సెలవు."

ఆమె నోట్‌బుక్ తెరిచింది, రాయడానికి ఏమీ దొరక్క మూసేసింది. చెయ్యి చాపి, ప్రింట్ బటన్ తనే నొక్కింది.