స్థిరనేత్రం

ఆ ఏడు కూడా ఉగాది పంచాంగాలు రెండు లోకాలకీ కలిపే అచ్చయ్యాయి. టౌ సెటి అనే నక్షత్రం చుట్టూ తిరిగే ఐదో గ్రహం పేరు నవధాత్రి. దాని సంవత్సరం సరిగ్గా మన సంవత్సరమంతే. అక్కడికి వెళ్ళినా తిథులు మార్చుకోనక్కర్లేదని పండితులు, పుట్టినరోజులు మార్చుకోనక్కర్లేదని పిల్లలు సంబరపడ్డారు. అక్కడ చంద్రుడున్నాడో లేదో ఎవరూ అడగలేదు. పగలంతా సొరంగాల్లో తలదాచుకుని, ఎండ చల్లబడ్డాకే నేలమీదికొచ్చే జనానికి అంతకన్నా తీపి కబురు ఏముంటుంది? మొదటి నౌకలో పదకొండు వేలమంది బయల్దేరి రెండేళ్ళయింది. దానికి దారి చూసే అధికారి వకుళ, డాక్టర్ హైమవతికి ఒక్కగానొక్క చెల్లెలు.

హైమవతి కట్టించిన టెలిస్కోపు పేరు స్థిరనేత్రం. అంత దూరాన ఉన్న గ్రహం కంటికి కనబడదు. అది లాగుతుంటే నక్షత్రం కాస్త ఊగుతుంది, ఆ ఊపు వెలుగులో తెలుస్తుంది. చిక్కల్లా చూసే మనమూ కదులుతుండడమే. బస్సులో కూర్చుంటే కరెంటు స్తంభాలు పరిగెత్తినట్టు, సూర్యుడి చుట్టూ భూమి తిరుగుడు కూడా ఆ వెలుగులో కలిసిపోతుంది. ఇన్నాళ్ళూ దాన్ని లెక్కకట్టి తీసేసేవారు. స్థిరనేత్రాన్ని మాత్రం సూర్యుడికి ఎంతో దూరంగా, దాదాపు కదలకుండా నిలబెట్టారు.

అది పంపిన ఫలితంలో నాలుగు గ్రహాలే ఉన్నాయి.

తప్పు తనదేనేమోనని హైమవతి నెలంతా వెతికింది. తనది కాదు. పాత లెక్కలో భూమి కదలిక పూర్తిగా పోలేదు, పిసరంత మిగిలింది. ఆ పిసరుకే నవధాత్రి అని పేరు పెట్టుకున్నారు. సంవత్సరం సరిపోయిందంటే సరిపోదా మరి, అది మన సంవత్సరమే. ఇంకో గ్రహమైతే అనుమానించేవారు. ఇది కావలసిన గ్రహం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. హైమవతికీ రాలేదు.

నౌక ఇంకా వేగం పుంజుకుంటోంది. ఈ వేసవి దాటకుండా తిరిగితేనే ఇంటికి రావడానికి ఇంధనం చాలుతుంది. నౌకని పంపిన సంస్థవాళ్ళు మరో టెలిస్కోపుతో నిర్ధారణ కావాలన్నారు. దానికి ఏళ్ళు పడుతుంది. నవధాత్రిని కనిపెట్టిన కూర్మారావుగారు సంతకం చేస్తే నౌకలోవాళ్ళు నమ్ముతారని హైమవతి ఆయన దగ్గరికి పరిగెత్తింది. ఆమెకి చదువు చెప్పిన గురువు ఆయనే. ఫలితం చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"నా మాట నమ్మి అంతమంది ఎక్కీసినారమ్మా. అదిప్పుడు లేదని ఏ నోటితో చెప్పమంటావు?" అన్నాడు.

హైమవతి ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆయన సంతకం చెయ్యలేదు.

చివరికి హైమవతి ఒక్కతే, తన పేరుమీదే, ఫలితాలన్నీ జతచేసి పంపింది. తిరిగి వచ్చెయ్యమని చెల్లెల్ని బతిమాలింది. కబురు చేరడానికి మూడు వారాలు, జవాబు రావడానికి మరో మూడు.

వకుళ గొంతు ఎప్పట్లాగే నెమ్మదిగా ఉంది.

"అక్కా, నీ కబురు అందరికీ వినిపించాను. నేను బయల్దేరే ముందు నా గుండె బాగాలేదని డాక్టర్ల చేత అబద్ధం చెప్పించావు. తర్వాత నౌకలో లోపముందన్నావు. ఇప్పుడు గ్రహమే లేదంటున్నావు. ఫలితాలు నీ టెలిస్కోపువే, కూర్మారావుగారి సంతకమైనా లేదు. చూసేవాళ్ళ కదలికని ముందు తీసెయ్యాలని నాకు నేర్పింది నువ్వే కదా. నీ మాటల్లోంచి నా మీద బెంగ తీసేసి చూశాం. ఇంకేమీ మిగల్లేదక్కా. మేం ముందుకే వెళ్తున్నాం."

వేసవి వెళ్ళిపోవడానికి ఇంక రెండు వారాలే ఉన్నాయి, కబురు చేరడానికే మూడు పడుతుంది. అయినా హైమవతి మైకు ముందు కూర్చుంది. తను ఏం చెప్పినా అక్కడ ప్రేమలాగే వినిపిస్తుందని తెలిసి, మైకు ఆపేసింది.