చింతగింజంత రాయి

బువావన్ ఆట వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. ఏడాది కూడా నిండని తమ్ముడు నోయ్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. రెండ్రోజులుగా ఉచ్చ పోసినప్పుడల్లా ఇంతే. ఈసారి గుడ్డ మీద ఎర్రటి మరక కూడా ఉంది.

"అవ్వా, నెత్తురు!"

"ఏదో గాలి సోకిందే," అంటూ అవ్వ వాడి మణికట్టుకి తెల్లదారం కట్టింది. ఏడుపు ఆగలేదు. కబురందుకుని పొలం నుంచి వచ్చిన అమ్మ, ఇద్దరినీ తీసుకుని పట్నం ఆసుపత్రికి పరుగుతీసింది.

డాక్టరు స్కాన్ చూశాడు. "ఉచ్చ నిలిచే సంచిలో రాయి ఉందమ్మా. చిన్నదైతే ఉచ్చతోపాటే పోయేది. ఇది పెద్దది. పొత్తికడుపు దగ్గర చిన్న గాటు పెట్టి తీసేయాలి."

"కోస్తారా?" అమ్మ పిల్లాణ్ణి గుండెకి హత్తుకుంది.

"మత్తు ఇస్తాం, నొప్పి తెలీదు. పిల్లాడికి ఏం పెడుతున్నారు?"

"పాలేనండీ. ఏడిస్తే పొలానికి ఎత్తుకు రమ్మని దీనికి చెప్పాను."

బువావన్ అమ్మ వెనక్కి నక్కింది. పొలం దూరం, పైగా ఎండ. ఆట మధ్యలో ఎవరు పోతారు? అందుకే ఇంట్లో పిల్లలందరికీ అవ్వ చేసినట్టే తనూ చేసింది. బుట్టలోంచి జిగురన్నం తీసి, మెత్తగా నమిలి వాడి నోట్లో పెట్టింది. వాడు హాయిగా నిద్రపోయేవాడు. రోజూ అదే పని.

"నేనే! పాలకి తీసుకెళ్లకుండా అన్నం నమిలి పెట్టాను. తమ్ముడు చచ్చిపోతాడా?" భోరుమంది.

"ఛ, ఛ! అవేం మాటలు?" డాక్టరు కిందికి వంగాడు. "అన్నంతో పొట్ట నిండితే పాలు తాగడు కదా. పాలు తగ్గితే ఉచ్చ చిక్కబడుతుంది. అందులోని లవణాలు పేరుకుని రాయవుతాయి. నువ్వు చెప్పావు కాబట్టి మళ్లీ రాకుండా చూసుకోవచ్చు."

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది బువావన్‌కి. తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అది తెరుచుకుంటే ఏం వినాల్సి వస్తుందోనని భయం, తెరుచుకోకపోతే ఇంకా భయం.

చివరికి నర్సు వచ్చింది. "మీవాడు బాగున్నాడు," అంటూ చిన్న సీసా చూపించింది. అందులో చింతగింజంత రాయి. ఇంత చిన్నదా వాణ్ణి అంతగా ఏడిపించింది!

నోయ్ కోలుకున్నాడు. కోతలు మొదలయ్యాయి. పిన్ని తన మూడు నెలల పాపని అవ్వకి అప్పగించి పొలానికెళ్లింది. డాక్టరు మాట అమ్మ చెప్పి ఉన్నా, పాప ఏడవగానే అవ్వ చెయ్యి అలవాటుగా అన్నం బుట్ట మీదికి పోయింది.

బువావన్ బుట్ట మూత పెట్టేసి పాపని ఎత్తుకుంది.

"ఎక్కడికే, మిట్టమధ్యాహ్నం?"

"పిన్ని దగ్గరికి. పాలకి."

గట్టు మీద కాళ్లు కాలుతున్నాయి. పాప తల మీద తన టోపీ పెట్టి గబగబా నడిచింది. ఉన్నట్టుండి నెత్తి మీద నీడ పడింది. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ, రొప్పుతూ, గొడుగు పట్టుకుని.