అరవై అయ్యేలోపు

పోకర్ ఆడే ఇళ్ళల్లో ఎవరి రూల్సు వాళ్ళవి. ఆ ఇంట్లో మాత్రం ఒక రూలు గట్టిది. ముక్కలు పట్టుకుని ఎంతకీ తేల్చనివాడి మీద ఎవరైనా లెక్క మొదలెట్టొచ్చు. ఒకటి నుంచి అరవై. లెక్క నడిచినంతసేపు వాణ్ణి పలకరించకూడదు, ముట్టుకోకూడదు. అరవై పడిందంటే ముక్కలు కింద పెట్టేయాల్సిందే.

పందెం డబ్బులు కాదు, గుండీలు. టైలరు తన షాపునుంచి తెచ్చేవాడు. గుడ్డకన్నా ఎదుటివాళ్ళ మాటలే ఎక్కువ కత్తిరిస్తాడని అతన్ని కత్తెర అనేవాళ్ళు.

రెండు నెలల కిందట అదే బల్ల దగ్గర, ఇద్దరూ బావ అని పిలిచే ఆ ఇంటాయన మీద లెక్క మొదలెట్టింది కత్తెరే. మూడో ఆటగాడు మెకానిక్కు వరండాలో ఫోన్లో ఉన్నాడు. బావ భార్య, వాళ్ళకి అక్క, పక్క గదిలో పడుకుంది. బస్సు డ్రైవరు బావ నటనలో ఘటికుడు, చేతిలో చెత్త ముక్కలున్నా మహారాజులా కూర్చునే రకం. ఆ రోజు ఛాతీ పట్టుకున్నాడు. చెమటలు కారాయి. "నీళ్ళు..." అన్నాడు. ఏదో వేషం వేస్తున్నాడులే అనుకుని, కత్తెర ఒక్కో అంకెనీ రాగం తీసి మరీ లెక్కపెట్టాడు.

అరవై దాకా. ఒక్కటి కూడా తగ్గించలేదు మహానుభావుడు.

"కళ్ళు మూసి తెరిచేలోగా పోయాడక్కా. నొప్పి కూడా తెలిసుండదు," అని అక్కకి చెప్పాడు. 

"ఆ కుర్చీ ఖాళీగా చూడలేకపోతున్నానురా, వచ్చి ఆడండి," అని అక్కే పిలిచింది. వాళ్ళు వచ్చిన సాయంత్రం, బయట వాన. బావ కుర్చీలో తనే కూర్చుంది. మూడో ఆటలో కత్తెర ముక్కలు చూసుకుంటుంటే గదిలో డీజిలు వాసన వేసింది. తడిసిన యూనిఫాం వాసన.

"ఒకటీ..."

చెవి పక్కనే. రాగం తీస్తూ. అది కత్తెర సొంత గొంతే.

పెదవులు కదల్లేదు. వేళ్ళు కదల్లేదు. ఇరవై... ముప్ఫై... ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది.

"చూడక్కా వీడి మొహం," మెకానిక్కు నవ్వాడు. "అచ్చం మీ ఆయనే."

నలభై ఆరు... యాభై మూడు...

"అక్కా..." చివరికి అన్నాడు కత్తెర. "బావ నీళ్ళడిగాడు. నేను... లేవలేదు. లెక్కపెడుతూ కూర్చున్నాను."

యాభై తొమ్మిది దగ్గర చెవిలో లెక్క ఆగిపోయింది. ఊపిరి ఆడింది.

అక్క ఏడవలేదు. తిట్టనూ లేదు. ఏం చెయ్యాలో తోచక మెకానిక్కు మెల్లగా, "నీ వంతు అక్కా," అన్నాడు.

ఆమె కదల్లేదు. నుదుట చెమట. చూపు, ఆ రోజు తను మెలకువగానే పడుకున్న పక్క గది తలుపు మీదే.

"ఒరేయ్..." అంది, పెదవులు కదిలీ కదలకుండా. "ఎవర్రా లెక్కపెట్టేది? నా గొంతులా ఉందేంటి..."