బాబాయి లేరు

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అందుకే కాబోలు, ఆ పిల్ల మాటల్ని పెదవి దాకా కూడా రానిచ్చేది కాదు. పదిహేనేళ్ళు. గదిలోకి వచ్చినా తెలియదు, వెళ్ళినా తెలియదు కాబట్టి ఇంట్లో అందరూ పిల్లి అని పిలుస్తారు. అలాంటి పిల్ల ఒకరోజు కొత్త మనిషితో రెండే రెండు మాటలు మాట్లాడింది. వాటితో ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ మనిషి అసలు లేనేలేడన్నది వేరే సంగతి.

పరీక్షలు బాగా రాస్తే థీమ్ పార్కుకీ సముద్రానికీ తీసుకెళ్తానని అమ్మ మాటిచ్చింది. అమ్మ నర్సు. నర్సులకి మాటివ్వడం తేలికే, సెలవు దొరకడమే కష్టం. నాన్నకి ప్రయాణమంటేనే పడదు. బస్సు డ్రైవరు మరి. దాంతో ఆ బరువు అమ్మ చెల్లెలి నెత్తిన పడింది. అంటే పిల్లికి పిన్ని.

పిన్ని కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. రోజంతా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇప్పుడు బాగుందా? ఇప్పుడా?" అని అడుగుతుంది. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు గురించి కూడా అలాగే అడుగుతుంది.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఒక టూర్ ఆఫీసు మెట్లెక్కారు. కింద టైలరు షాపు, పైన ఒకే గది. తేమకి అంచులు మడతపడ్డ పోస్టర్ల మధ్య ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు.

"రెండు రోజులు," అంది పిన్ని కూర్చోకుండానే. "ఒకరోజు థీమ్ పార్కు, ఒకరోజు బీచ్. రోలర్ కోస్టర్, వాటర్ స్లైడ్, బోటు, అన్నీ ఉండాలి. పిల్ల ఏదీ మిస్ అవకూడదు."

"ఇది టూర్ కాదు మేడమ్, పరుగుపందెం."

"పరిగెత్తేది మేం లెండి. మీరు టికెట్లు బుక్ చేస్తే చాలు."

"టికెట్లు ఎవరైనా బుక్ చేస్తారు. మీ చేతిలో ఉన్న ఫోన్ కూడా చేస్తుంది. నేను ప్లాన్ చేస్తాను."

"అలాగా. మరి ఆ పోస్టర్ తలకిందులుగా అంటించారు, అదీ ప్లానేనా?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. గోడ మీద సముద్రం పైనా, ఆకాశం కిందా ఉన్నాయి.

"రెండూ నీలమే కదండీ," అన్నాడు, చెవులు ఎర్రబడుతుంటే.

పిన్ని నవ్వాపుకుంది. పిల్లి ఆ నవ్వుని పట్టేసింది. మామూలుగా ఎవరి మీదైనా గెలిస్తే పిన్ని ఆ మనిషిని అక్కడే మర్చిపోతుంది. నవ్వు ఆపుకుందంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఇంతలో వాన జోరందుకుంది. "అయ్యో, హెల్మెట్ స్కూటర్ మీదే వెల్లకిలా పెట్టొచ్చాను. బకెట్ అయిపోతుంది," అంటూ పిన్ని మెట్లు దిగి పరిగెత్తింది.

గదిలో ఫ్యాను, అతను, పిల్లి మిగిలారు. పిల్లికి ఫ్యాను ఒక్కటే మిగిలితే బాగుండుననిపించింది.

"ఆవిడ నీకేమవుతారమ్మా?"

"పిన్ని."

"మరి బాబాయిగారు కూడా వస్తున్నారా? దాన్ని బట్టి రూములు చూడాలి."

పిన్నికి ఇంకా పెళ్ళి కాలేదండీ అని చెప్పొచ్చు. కానీ దానికి చాలా మాటలు కావాలి. పిల్లి పొదుపుగా ఆలోచించి, ఉన్న సంగతి చెప్పింది.

"బాబాయి లేరండీ."

అతను పెన్నుకి మూత పెట్టేశాడు. "అయ్యో. తెలియక అడిగాను. చాలా కాలమైందా?"

బాబాయి లేకపోవడం ఎప్పట్నుంచి అని అడుగుతున్నాడనుకుంది పిల్లి. వింత ప్రశ్నే, కానీ జవాబు తెలుసు.

"మొదట్నుంచీ."

"మొదట్లోనే," అని గొణుక్కున్నాడతను. "పాపం, అంత చిన్న వయసులో."

తడిసిన హెల్మెట్‌తో పిన్ని వచ్చేసరికి అతను లేచి నిలబడ్డాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

"ఏంటి, నేను కిందికెళ్ళి వచ్చేలోపు రోలర్ కోస్టర్ ఎత్తేశారా?" అంది పిన్ని.

"మీరెలా అంటే అలాగే మేడమ్," అన్నాడు మెత్తగా.

కత్తి దూసి వస్తే ఎదుటివాడు దండం పెట్టినట్టయింది. పిన్ని మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

మెట్లు దిగుతుంటే పిల్లికి అప్పుడు వెలిగింది, తనేం చెప్పిందో, అతనేం విన్నాడో. రేపు చెబుదాంలే అనుకుంది. సిగ్గరి మనుషులకి రేపు అనేది చాలా మంచి రోజు.

ప్లాన్ చూడ్డానికి మళ్ళీ వెళ్ళిన రోజు పిన్ని కొత్త జూకాలు పెట్టుకుంది. పాతవి కనబడలేదట. అవి అద్దం ముందే ఉన్నాయని పిల్లికి తెలుసు.

పోస్టర్ ఈసారి తిన్నగా ఉంది. ప్లానే తలకిందులైంది.

"మొదటి రోజు పార్కులో బొమ్మ రైలు, పూలతోట," అని చదివాడతను. "పక్కనే నీడలో బెంచీలుంటాయి. రెండో రోజు బీచ్‌లో జనం లేని వైపు. అక్కడ మీరొక్కరే కూర్చుని కెరటాలు చూడొచ్చు."

"నేనొక్కదాన్నీ ఎందుకు కూర్చోవాలి?"

"మనసు తేలికపడుతుందండీ."

"నా మనసు బరువుగా ఉందని మీకెవరు చెప్పారు?"

అతను పిల్లి వైపు చూశాడు. పిల్లి పోస్టర్ వైపు చూసింది.

"రోలర్ కోస్టర్ ఏది మరి?"

"అప్పుడే వద్దులెండి. కాలం గడిచేకొద్దీ అన్నీ..." అని ఆగిపోయాడు.

"మా అమ్మమ్మ వయసువాళ్ళ ప్లాన్ మా చేతికిచ్చారేమో, ఒకసారి చూసుకోండి," అని పిన్ని లేచింది.

స్కూటర్ దగ్గరికొచ్చాక ఆమె అద్దంలో మొహం చూసుకుంది. "ఏమే పిల్లీ, నేనంత ముసలిదానిలా ఉన్నానా?"

"లేవు."

చెప్పాల్సిన సంగతి ఆ మాట వెనకే నిలబడి ఉంది. కానీ ఎలా చెబుతుంది? నీ మొగుణ్ణి చంపేశాను పిన్నీ, అదీ నీ పెళ్ళికి ముందే అని ఏ పిల్ల చెప్పగలదు?

ఆ సాయంత్రం అన్నాల దగ్గర పిన్ని తేల్చేసింది. "నాకు షాపులో పని ఎక్కువగా ఉందక్కా. ట్రిప్పు నావల్ల కాదు."

"నాకు సెలవు దొరకదనే కదే నీకు అప్పజెప్పింది," అంది అమ్మ. "ఆ టూర్ల అబ్బాయి ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు. అదే."

అమ్మ, ఎదుటివాళ్ళు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చెల్లెలి చెవుల వైపు చూసింది, జూకాలు చూసింది, కూర వడ్డించింది.

కాసేపటికి లోపలి గదిలో పిన్ని జూకాలు తీసి పెట్టెలో పెట్టింది. మూత టక్కున పడింది. పిల్లి పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. రోలర్ కోస్టర్ ఎక్కి ఒక్కసారి గొంతెత్తి అరవాలని ఆశ. అక్కడైతే అందరూ అరుస్తారు కాబట్టి తనని ఎవరూ చూడరు. కానీ ఆ టక్కుమన్న చప్పుడు ముందు సముద్రం కూడా చిన్నదైపోయింది.

మర్నాడు పిల్లి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి ఒక మూల కూర్చుంది. చెప్పాల్సిన వాక్యాన్ని నోట్లోనే అటూ ఇటూ తిప్పుతోంది. అప్పుడే, బుకింగ్ కాగితంలో పిన్ని రాసిన షాపు అడ్రసు పట్టుకుని, టూర్ల అబ్బాయి తలుపు తోసుకుని వచ్చాడు. అతను తడిశాడు గానీ, చొక్కాలో దాచుకున్న కాగితాలు తడవలేదు.

"ప్లాన్ మార్చి తెచ్చాను మేడమ్."

"ఇక్కడ కళ్ళు చూస్తాం. ప్లాన్లు చూడం."

"అయితే కళ్ళే చూడండి."

పిన్ని కస్టమర్‌ని కాదనదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష చేసే ఇనప ఫ్రేమ్ ముక్కు మీద పెట్టింది. ఆ గుండ్రటి అద్దాలతో అతను పెద్ద పేడపురుగులా ఉన్నాడు. పిన్ని మాత్రం నవ్వలేదు. అద్దం మార్చింది.

"ఇప్పుడు బాగుందా? ఇప్పుడా?"

"ఇందాకటిదే బాగుంది."

"ఇందాక అంటే?"

"మొదటి రోజు. మీరు నా పోస్టర్‌ని వెక్కిరించినప్పుడు."

పిన్ని చేతిలోని అద్దం గాల్లోనే ఆగింది. "మరి నన్ను తీసుకెళ్ళి నీడలో బెంచీ మీద ఎందుకు కూలేశారు?"

"అంత జరిగాక మీకు నవ్వాలనిపించదేమోనని."

"ఎంత జరిగాక?"

"పాప చెప్పిందండీ. సార్ సంగతి."

"ఏ సార్?"

ఇద్దరూ పిల్లి వైపు తిరిగారు. నాలుగు కళ్ళు, మధ్యలో రెండు అద్దాలు. పిల్లి నోరు తెరిచింది. నోట్లో ఇంతసేపూ తిప్పిన వాక్యం ఎటో జారిపోయింది. నోటికందిన మాటలే అనేసింది.

"బాబాయి లేరంటే, పోయారని కాదండీ. ఇంకా రాలేదని."

పిన్ని మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"నా మొగుణ్ణి చంపేశావటే?"

"నేను లేరన్నాను. చంపింది ఆయన," అంది పిల్లి. ఒకే రోజు అన్ని మాటలు మాట్లాడడం ఆమెకి అదే మొదలు.

పిన్ని నవ్వింది. మొదటి రోజు ఆపుకున్నదంతా వడ్డీతో సహా నవ్వింది. అతను ఫ్రేమ్ తీయడం కూడా మర్చిపోయి అలాగే చూస్తున్నాడు.

"నిజంగా అలా జరిగి ఉన్నా, మీ మనసు కుదుటపడేదాకా నేను ఆగుదామనే అనుకున్నానండీ," అన్నాడు చివరికి. "బెంచీలు అందుకే. ఒక్కరికని రాశాను గానీ, దాని మీద ఇద్దరు పడతారు."

పిన్ని నవ్వు సగంలో ఆగింది. చెయ్యి తనంతట తానే చెవి దగ్గరికెళ్ళింది. జూకాలు ఇంట్లో ఉన్నాయి.

అతను పిల్లిని అడిగాడు, ఆఫీసులో అడిగినట్టే, గొంతు సవరించుకుని. "బాబాయిగారు ఎప్పటికి వస్తారో ఏమైనా తెలుసా అమ్మా? ప్లాన్ చేసేవాణ్ణి, ముందే తెలిస్తే మంచిది."

జవాబు పిన్ని ఇచ్చింది. "ముందు చూపు బాగుచేయించుకోమను. లేని మనిషికి సంతాపం చెప్పే చూపుతో వస్తే ఎక్కువ కాలం నిలవలేరు." అని ఇంకో అద్దం మార్చింది. "చెప్పండి. ఇప్పుడు బాగుందా?"

"చాలా," అన్నాడతను. ఎదురుగా అక్షరాల బోర్డు లేదు. పిన్ని ఉంది.

ఎన్నడూ దొరకని సెలవు అమ్మకి అకస్మాత్తుగా దొరికింది. సముద్రం చూడ్డానికేనట. దారి పొడుగునా అమ్మ చూసింది మాత్రం, ప్లాన్ దగ్గరుండి చూసుకుంటానంటూ వెంట వచ్చిన అతన్నే. అతనికి ఎంతమంది తోబుట్టువులో, పాలలో చక్కెర ఎంత వేసుకుంటాడో థీమ్ పార్కు గేటు రాకముందే ఆరా తీసేసింది. గేటు దాటాక చెల్లెలి చెవిలో, "మెత్తని మనిషే. నీకు సరిపోతాడు, పాపం," అంది. ఆ పాపం ఎవరి గురించో చెప్పలేదు.

రోలర్ కోస్టర్ దగ్గర పిన్ని, పిల్లి పక్కపక్కన కూర్చున్నారు. వెనక సీటు ఖాళీ. మార్చి తెచ్చిన ప్లాన్లో రోలర్ కోస్టర్‌ని అంత గొప్పగా రాసిన మనిషి, దాన్ని దగ్గర నుంచి చూసి తెల్లబోయి, ఎప్పుడో మాయమయ్యాడు.

"మీతో వచ్చినాయన లేరా?" అని అడిగాడు సీట్లకి కడ్డీలు బిగిస్తున్న మనిషి.

లేరు అనబోయి పిల్లి ఆగింది. ఈసారి మాటల ఖర్చుకి వెనకాడలేదు.

"బాబాయి ఉన్నారండీ. అక్కడ నీడలో బెంచీ మీద కూర్చున్నారు. భయపడుతున్నారు గానీ, పిన్ని పిలిస్తే వస్తారు."

పిన్ని చటుక్కున ఆమె వైపు చూసింది. జూకాలు ఊగాయి. ఆ మాటని కాదంటుందేమోనని పిల్లి ఎదురుచూసింది. పిన్ని కాదనలేదు. బెంచీ వైపు తిరిగి చెయ్యి ఊపింది.