క్లైమాక్స్ చూడని కుర్చీ

మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మా, పెనుకొండ నుంచి వచ్చినా. మా అక్క పెళ్ళి చీర తీసకపోను" అన్నాడు, అంతే, కుళ్ళాయప్ప. అందులో తప్పేముందో తెలియక చెప్పులు విప్పాలా వద్దా అని వాకిట్లో తటపటాయిస్తుంటే, లోపల మగ్గం దగ్గర్నుంచి ఓ ఆడగొంతు లేచింది.

"ఏమ్మే ప్రమోదా! ఆ గొంతు ఎవురిదే? మన కుర్చీ పిల్లోడు కాదూ?"

కుళ్ళాయప్ప ఛాతీ రెండంగుళాలు పెరిగింది. యూట్యూబ్‌లో అతని ఛానల్ పేరు 'కుళ్ళాయప్ప కుర్చీ'. హిందూపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి ఫస్ట్ షో, శనివారం పొద్దున్నే రివ్యూ. మొన్ననే ఈ ఏడాది సినిమాలన్నిటికీ ర్యాంకులిచ్చి ఓ పెద్ద వీడియో పెట్టాడు. గొంతు విని గుర్తుపట్టే అభిమాని ధర్మవరంలో ఉందంటే ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

హనుమక్క చీర నేస్తున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో, ఒక్క మగ్గంతో పెంచిన మనిషి. అతన్ని ఎగాదిగా చూసి నవ్వింది.

"ఇంత సన్నగుండావేంది నాయనా? గొంతేమో అంతుంటాది! నేను సినిమా హాలు మొగం చూసి ఎన్నేండ్లాయనో. కండ్లు చీర మీదుంటాయి, చెవులు నీ మీదుంటాయి. నువ్వు చెప్పిందే నాకు సినిమా."

"అంత లేదులేమ్మా" అన్నాడు కుళ్ళాయప్ప, ఇంకా చెప్పమన్నట్టు.

గుమ్మం దగ్గర చిన్నకూతురు ప్రమోద చీర మడతలు పరిచి ఫోన్‌లో ఫొటో తీస్తోంది. ఇంట్లో నేసిన చీరలు వాట్సాప్‌లో అమ్మిపెట్టేది ఆమే. తలెత్తకుండానే అంది.

"నంబర్ వన్ సినిమా క్లైమాక్స్ ఇంగోసారి చెప్పమనమ్మా. ఎదురుగానే ఉండాడు కదా."

కుళ్ళాయప్ప విననట్టు చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు.

"ఆయప్ప చెప్పేదేంది, నేనే చెప్తా" అంది హనుమక్క. "'గడప అవతల' సినిమా. కూతురు తనకు నచ్చినోన్ని చేసుకుందని తల్లి మాట మానేస్తాది. అన్నేండ్లూ మొండిగా కూసుంటాది. ఆకరికి ఒగదినం లేచి, చీర చంకలో పెట్టుకోని తానే కూతురింటికి పోతాది. తలుపు కొడతాది. కూతురు తలుపు తీసి..."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పోయిన నెల నువ్వు ఆ ముక్క చెప్పినప్పుడు నాకు పోగు తెగిపోయిండాది నాయనా. మా పెద్దది హేమావతి అట్లే పోయింది, వేరే కులపోన్ని చేసుకోని. హిందూపురంలోనే ఉండాది. నాలుగేండ్లు. ఇదో, మగ్గం మీదుండే ఈ చీర దానికే. శుక్రవారం నేనే పోతాండా. ఆ సినిమాలో ఆయమ్మ పోయింది, నేను పోల్యానా?"

మగ్గం మీద నేరేడుపండు రంగు చీర, పచ్చ అంచు. కొంగు ఒక్కటే మిగిలింది. కుళ్ళాయప్ప దాన్ని చూడలేక, హనుమక్క చేతికిచ్చిన కాఫీ గ్లాసులోకి చూశాడు. కాఫీ ఎలా తాగాడో, అక్క చీర ఎప్పుడు చేతికొచ్చిందో అతనికి తెలియదు.

సందు మలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలుపు.

"ఏమప్పా రివ్యూ! పరిగెత్తుతాండావు, బస్సుకు టైమయిందా?"

ప్రమోద నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. పొట్టిగా, చురుగ్గా, కోపంగా ఉంది. ఇలాంటి సమయంలో కూడా అందంగా ఉందని గమనించినందుకు కుళ్ళాయప్ప తనను తాను తిట్టుకున్నాడు.

"ఆ సినిమా నేను చూసినా" అంది. "ఆయమ్మ వీధి మలుపు దాంక వస్తాది. నిలబడతాది. చీర తీసుకోని వెనక్కి పోతాది. అయిపోయె సినిమా. నువ్వు చెప్పిన క్లైమాక్సు యా ఊర్లో ఆడింది?"

"అదీ..."

"నీ వీడియో కింద అదే అడిగినా. కామెంట్ డిలీట్ చేసినావు."

తల కొట్టేసినట్టయింది కుళ్ళాయప్పకు. ఆ కామెంట్ తీసేసిన శనివారం అతనికి బాగా గుర్తుంది. ఎవరో పనిలేనివాళ్ళు అనుకుని, చాయ్ తాగుతూ, వేలితో ఒక్క నొక్కు నొక్కాడు.

"నేను... క్లైమాక్సు చూడలే."

"యా సినిమాది?"

"యా సినిమాదీ చూడలే" అన్నాడు నేలకేసి చూస్తూ. "ఎనిమిదిన్నరకు పెనుకొండకు ఆకరి బస్సు. అది పోతే ఇంటికి పోయేదానికి ల్యాదు. ఇంటర్లో బండి మీంచి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్యాక మా నాయన మళ్ళా బండి కొననీలే. క్లైమాక్సుకు ముందు లేచి వచ్చేస్తా. బస్సులో కూసోని, ఎట్ల అయిపోయింటాదో ఊహించుకుంటా. మన సినిమాలు శానా వరకు ఊహించినట్టే అయిపోతాయి కదా."

ప్రమోద నోరు తెరిచింది. కోపం వస్తుందనుకుంటే ముందు నవ్వొచ్చేసింది ఆమెకు. ఆపుకోలేక గోడను పట్టుకుని నవ్వింది. నవ్వు మధ్యలోనే కళ్ళు ఎర్రబడ్డాయి.

"మా యమ్మ నాలుగేండ్లుగా అక్క పేరెత్తలేదప్పా. నీ బస్సు కత విని చీర నేసింది."

"ఇప్పుడే పోయి నిజం చెప్పేస్తా. కాళ్ళ మీద పడతా."

"చెప్తే శుక్రవారం పోతాదా? నీ సిగ్గు దించుకునేదానికి మా యమ్మ ప్రయాణం ఆపుతావా? మూసుకోని ఉండు."

ఆమె చెప్పింది నిజం. చేసిన తప్పు ఒప్పుకునే హక్కు కూడా తనకు లేకుండా పోయిందని కుళ్ళాయప్పకు అప్పుడు అర్థమైంది.

ఇంటికెళ్ళి ర్యాంకుల వీడియో పెట్టుకుని తన మొహం తనే చూశాడు. 'హృదయాన్ని పిండేసే ముగింపు' అంటున్నాడు స్క్రీన్ మీద మనిషి, చూసొచ్చినవాడిలా. ఒక్కో సినిమా పేరూ వస్తుంటే లేచి వచ్చేసిన కుర్చీ గుర్తొచ్చింది, పరిగెత్తి ఎక్కిన బస్సు గుర్తొచ్చింది. వీడియో తీసేశాడు.

పది నిమిషాల్లో ఫోన్. అతని అక్క దగ్గర నంబరు తీసుకుని ప్రమోద.

"ఏమప్పా, వీడియో యాడ పోయింది? మా యమ్మ అడుగుతాంది."

"మొగం సెల్లక తీసేసినా."

"శుక్రవారం దాంక పెట్టు. తర్వాత నీ మొగం నీ ఇష్టం."

మళ్ళీ పెట్టాడు. ఇంతకన్నా శిక్ష ఇంకోటి ఉండదనుకున్నాడు గానీ, ప్రమోద దగ్గర ఉంది. మరుసటి సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది.

"ఈ ఏడాది నువ్వు చెప్పిన అబద్దాలకు నేనూ ర్యాంకులిచ్చినా. వినుకో. విలన్ రైలు కింద పడి సచ్చినాడని చెప్పినావు చూడు, వాడు సావలేదు. మంచోడయిపోయి హీరో సెల్లెల్ని చేసుకున్యాడు."

"అయ్యో!"

"ఇంగోటి. దెయ్యం సినిమా. దెయ్యానికి శాంతి దొరికిందని చెప్పినావు. దెయ్యమే ల్యాదంట దాంట్లో. వాళ్ళ మామ దుప్పటి కప్పుకున్యాడు."

కుళ్ళాయప్పకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు. అవతల ఆమె కూడా నవ్వుతోంది. ఆ నవ్వు కోసం మిగతా అబద్ధాలు కూడా వినడానికి సిద్ధపడ్డాడు.

"ఒగటి అడుగుతా, నిజం చెప్పు" అంది ఆమె కాసేపటికి. "నంబర్ వన్ దాంట్లో తల్లి కూతురింటికి పోయిందని ఎందుకు చెప్పినావు? కూతురే వచ్చి కాళ్ళ మీద పడిందని చెప్పింటే సులువు కదా."

కుళ్ళాయప్ప ఆలోచించాడు. ఆ అమ్మాయి ఇలా అడిగితే అబద్ధం నోటికి రావడం లేదు.

"ఆయమ్మ అంతసేపు అట్ల కూసోనుంటే, ఒగసారి లేస్తే బాగుంటాదనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూసోని నేనే లేపినా."

అవతల మగ్గం చప్పుడు వినిపించింది.

"శుక్రవారం స్టేషన్‌కు రా" అంది చివరికి. "కత అడ్డం తిరిగితే, చెప్పినోడు పక్కన ఉండల్ల."

ఆ శుక్రవారం పెద్ద హీరో సినిమా రిలీజు. హిందూపురమంతా బ్యానర్లు. కుళ్ళాయప్ప డ్యూటీ దిగి థియేటర్ వైపు చూడనైనా చూడకుండా స్టేషన్‌కు పోయాడు. ధర్మవరం రైల్లోంచి హనుమక్క దిగింది. చంకలో పాత పంచెలో చుట్టిన చీర. వెనకే ప్రమోద, నుదుటి మీద తుంపర. ఎక్కడో తుఫాను పట్టిందట, పొద్దున్నుంచీ సన్నగా వాన. ఆ అమ్మాయి జడకు అంటుకున్న చినుకుల్ని చూడకూడదని కుళ్ళాయప్ప, ఆటో ఎక్కాక డ్రైవరు సీటు వెనక రాసిన నంబరు చదువుతూ కూర్చున్నాడు.

పెనుకొండ రోడ్డు పక్క వీధి అది. మలుపులో ఆటో దిగారు. నాలుగిళ్ళ అవతల హేమావతి ఇల్లు, కిటికీలో దీపం.

హనుమక్క నాలుగడుగులు వేసి నిలబడిపోయింది.

ఇది కుళ్ళాయప్ప చూడని సినిమా. సరిగ్గా ఇలాగే అయిపోయిందని ప్రమోద చెప్పిన సినిమా.

"కాళ్ళు రావడంల్యా" అంది హనుమక్క. చీరను రొమ్ముకు అదుముకుంది. "ఏం మొగం పెట్టుకోని పోయేది? దాని సీమంతానికి పిలిచినా పోల్యా." అతని వైపు తిరిగింది. "నాయనా, ఆ సినిమాలో ఆయమ్మ ఈడ ఏం చేసింది? ధైర్యం ఎట్ల తెచ్చుకున్యాది? చెప్పు."

ప్రమోద అతన్నే చూస్తోంది. ఒక్క మాట చాలు. నోరు తిరిగిన అబద్ధం, ఇంకొక్కటి. కానీ ఆ వానలో తడుస్తున్న ముసలి మనిషి ముందు దాన్ని చెప్పడం కుళ్ళాయప్ప వల్ల కాలేదు.

"నాకు తెలీదమ్మా. నేను చూడలే. బస్సు పోతాదని ముందే లేచి వచ్చేసినా. మిగిలింది నేనే అల్లినా." తల దించుకున్నాడు. "నిజం సినిమాలో... ఆయమ్మ ఈడి నుంచే వెనక్కి పోయిందంట."

ప్రమోద కళ్ళు మూసుకుంది.

హనుమక్క అతన్ని చాలాసేపు చూసింది. ఆ చూపు కింద కుళ్ళాయప్ప నిలబడలేకపోయాడు. కొట్టినా బాగుండేది.

"వెనక్కి పోయిందా?"

"పోయిందంట."

"పోయి?"

"అంతేమ్మా. అయిపోయింది" అంది ప్రమోద మెల్లగా.

"పిచ్చి ముండ!" అంది హనుమక్క. "అంత దూరం వచ్చి, చీర చేతిలో పెట్టకుండా పోతాదా ఎవురైనా? నేను నెలరోజులు నేసినా దీన్ని!"

చెప్పులు టపటపలాడిస్తూ నడిచేసింది.

పెద్ద రోడ్డు మీద హారన్ మోగింది. పెనుకొండ ఆఖరి బస్సు, అద్దాల నిండా వెలుతురుతో వీధి చివర వచ్చి నిలబడింది.

"నీ బస్సు" అంది ప్రమోద.

"పోనీ."

బస్సు పోయింది. ఇద్దరూ అటు చూడలేదు.

తలుపు తెరుచుకుంది. హేమావతి గడపలో నిలబడింది, చంకలో పిల్ల. పరిగెత్తి వాటేసుకోలేదు, కాళ్ళ మీద పడలేదు. తల్లినీ తడిసిన పంచెనూ మార్చి మార్చి చూసింది.

"చెప్పులు బయటే వదులు" అంది. "ఇప్పుడే బండలు తుడిచినా."

హనుమక్క చెప్పులు విడిచింది. తలుపు మూసుకోలేదు.

కుళ్ళాయప్ప ఆ తెరిచిన తలుపునే చూస్తూ ఉండిపోయాడు. చెంపలు తడిసింది వానకేనని ప్రమోదకు చెప్పబోయి, ఇంకో అబద్ధం ఎందుకని మానుకున్నాడు. ఆమె తన చున్నీ కొస అతని చేతిలో పెట్టింది.

కాసేపటికి లోపల నుంచి కేక. "ఆ వానలో ఏం నిలబడతారే? లోపలికి రాండి. ఆ అబద్దాల పిల్లోన్ని గూడా పిలువు!"

కంచం ముందు కూర్చున్నాడే గానీ కుళ్ళాయప్ప తల ఎత్తలేదు. హేమావతి పప్పు వడ్డిస్తూ అంది.

"నీ రివ్యూలు నేనూ ఇంటా. ఆ సినిమా నేను చూసినా. ఆయమ్మ వెనక్కి పోతాంటే ఏడ్చినా. తర్వాత నీది విని, వీడెవుడో తిక్కోడు, వేరే సినిమా చూసినట్టుండాడు అనుకున్యా." గరిటె ఆగింది. "అయినా ఇంగోసారి పెట్టుకోని విన్యా."

హనుమక్క మనవరాలి జుట్టు సర్దుతూ మొహం తిప్పుకుంది.

చేతులు కడుక్కోవడానికి బయటికొచ్చిన కుళ్ళాయప్ప వెనకే ప్రమోద చెంబు తెచ్చింది.

"ర్యాంకుల వీడియో తీసేస్తా" అన్నాడు అతను. "ఎందుకో కూడా చెప్తా. ఒక్కోటీ ఆకరి దాంక చూసి మళ్ళా ఇస్తా. ఒక్కన్నే కూసుంటే మళ్ళా లేచి పరిగెత్తుతానేమోనని భయం. నువ్వు పక్కన కూసుంటావా? సినిమాకు ఒగదానికే కాదు, ప్రమోదా. అన్నిటికీ అడుగుతాండా."

ఆమె నీళ్ళు పోస్తూనే ఉంది, చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"మాట్నీకయితే వస్తా" అంది. "మధ్యలో లేస్తే కాలు ఇరగ్గొడతా."

"ఏమప్పా!" గుమ్మంలో హనుమక్క. ఇద్దరూ ఎగిరిపడ్డారు. ఆమె కాసేపు ఇద్దర్నీ చూసింది.

"నీది యా కులమని నేనడగను. ఈ ఇంట్లో అన్నం తిన్యాక అది అడిగేదానికి నాకు మొగం ల్యాదు" అంది. "వసారాలో చాప ఏసినా, పండుకో. పొద్దున మొదటి బస్సుకు పోయి మీ యమ్మను ధర్మవరం పంపించు. చీరకు కాదని చెప్పు."

లోపలికి వెళ్ళబోయి ఆగింది.

"ఈసారి మాత్రం అంతా చూసి చెప్పు. ఊహించుకోని చెప్పాకు."

"లేదమ్మా" అన్నాడు కుళ్ళాయప్ప. ఆ వారంలో మొదటిసారి తలెత్తి ఒక మనిషి కళ్ళలోకి చూశాడు.