వెనక గదిలో వెలుతురు

అమ్మకానికి పెట్టిన ఇళ్లను ముస్తాబు చేయడం నా పని. హామిల్టన్ ఊళ్లో ఏళ్ల తరబడి అదే చేస్తున్నాను. ఖాళీ ఇంట్లోకి నా వ్యాన్‌లోంచి ఒక బూడిదరంగు సోఫా, ఎవరూ చదవని పుస్తకాలు, గిన్నెడు ప్లాస్టిక్ నిమ్మకాయలు దింపుతాను. చూడవచ్చినవాళ్లకు అక్కడెవరో ఏ చింతా లేకుండా బతుకుతున్నట్టు అనిపించాలి. ఇల్లు అమ్ముడుపోగానే అవే నిమ్మకాయలు ఇంకో ఇంటికి పోతాయి. పైన పటారం, లోన లొటారం అంటారు కదా, అందులో పటారం మట్టుకు నాది.

ఆ జనవరిలో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్ ట్రెంట్ నన్ను పిలిచిన ఇల్లు ఊరికి తూర్పున, ఉక్కు ఫ్యాక్టరీల వైపు ఉంది. ఎర్ర ఇటుకల ఇరుకు మేడ. వెనకాల రైలు పట్టాలు. వెర్నా అనే ముసలావిడ ఒక్కతే ఉండేదట, పోయిందట, మేనల్లుడు అమ్ముతున్నాడట. ఎక్కడ పోయిందని అడిగితే, ఆస్పత్రిలోనే అయ్యుంటుందిలే అన్నాడు ట్రెంట్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. కుర్రాడికి ముప్పై నిండలేదు. పళ్లు మాత్రం కొత్తగా సున్నం కొట్టించినట్టుంటాయి.

పై అంతస్తులో వెనక గది తలుపు తీశాను. ముందు కొత్త రంగు వాసన కొట్టింది. దాని కింద, కొత్తగా పరిచిన చెక్క వాసన. ఆ రెండింటి కిందా ఇంకొకటి ఉంది. అది తియ్యగా ఉంది. కంపు కంపులా ఉంటే ఓర్చుకోవచ్చు, తియ్యగా ఉంటేనే ఓర్చుకోలేం. అంగిలికి అంటుకుని, నీళ్లు పుక్కిలించినా వదల్లేదు.

ఇంటి మొత్తంలో ఆ ఒక్క గదికే కొత్త నేల వేయించారు.

"దీన్ని పసిపిల్లల గదిలా చేసెయ్ డోరిన్. అది చూశాక ఆడవాళ్లు ఇంకేం చూడరు" అన్నాడు ట్రెంట్ గడప అవతలే నిలబడి.

"ముక్కుతో గాలి పీల్చడం మానేశావా నాయనా?" అన్నాను.

"పాత ఇల్లు. పాత ఇళ్లకు వాసనుంటుంది. నీ గిన్నె ఉందిగా."

నా గిన్నె సంగతి ఈ ఊళ్లో ఏజెంట్లందరికీ తెలుసు. పొయ్యి మీద నీళ్లలో దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క వేసి సన్నని సెగన మరగనిస్తాను. వాసన ఇల్లంతా పాకి, ఎవరో అమ్మ వంటింట్లో ఏదో చేస్తున్నట్టు ఉంటుంది. ఇన్నేళ్లలో అది కప్పెట్టలేని కంపు నాకు తగల్లేదు. కుక్కలు, పిల్లులు, సిగరెట్లు, నేలకింద తడిసిన బేస్మెంట్ గదులు, అన్నింటినీ మింగేసింది.

ఆ గదిలోకి తెల్లటి ఊచల మంచం ఎక్కించాను. చిన్న పరుపుకి ఆ పూటే ప్లాస్టిక్ కాగితం చింపి దుప్పటి పరిచాను. దాని మీద ఒక గుడ్డ కుందేలు, కిటికీ పక్కన ఊగుడు కుర్చీ. అన్నీ సర్దుతున్నంతసేపూ నోటితోనే ఊపిరి తీసుకున్నాను.

వ్యాన్ దగ్గరికి వెళ్లేసరికి ఆ పక్కింట్లో ఉండే గస్ అనే ఆయన మంచు ఎత్తే పార మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. నేను అడగలేదు. తనే చెప్పాడు. వెర్నా ఆస్పత్రిలో పోలేదు. ఆ వెనక గదిలోనే పోయింది, ఎండాకాలం మొదట్లో. ఆకులు రాలడం మొదలయ్యాక మేనల్లుడు ఎందుకో వచ్చి తలుపు తీసేదాకా అక్కడే ఉంది. ఈ మధ్యలో వీధి వీధంతా కంపు కొట్టింది. మెట్ల కింద రకూన్ అనే పిల్లిలాంటి జంతువేదో చచ్చిందనుకున్నారట.

"అందరం కిటికీలు మూసుకున్నాం. ఎవరో ఒకరు వెళ్లి చూస్తారులే అనుకున్నాం" అన్నాడు.

ఆ మాట అనేసి, ఈ ఇల్లు ఎంతకు పోవచ్చని అడిగాడు. ఇది ఎంతకు పోతే తనదీ అంతకు పోతుందట. ఆయన కళ్లలో మెరుపు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. మూతి తుడుచుకుని మంచు ఎత్తుకో పో అన్నాను.

ఆదివారం ఇల్లు చూడటానికి జనాన్ని వదిలారు. గుమ్మంలో తడి బూట్లు గుట్టపడ్డాయి. మేజోళ్లతో మెట్లెక్కి ఒక్కొక్కరే వెనక గదిలోకి వెళ్లారు. నేను తలుపు దగ్గర నిలబడి మొహాలు చూస్తూ ఉన్నాను. లోపలికి అడుగు పెట్టగానే ముక్కు పుటాలు కదిలేవి. మొగుడు పెళ్లాం వంక చూసేవాడు, పెళ్లాం గోడ వంక చూసేది. ఒక గుటక. తర్వాత ఎవరో ఒకరు, వెలుతురు బాగా వస్తుంది అనేవారు. తేలు కుట్టిన దొంగల్లా అందరిదీ ఒకటే మాట, వెలుతురు బాగా వస్తుంది. ఇదేం వాసన అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే ఇల్లు చేజారుతుంది. ఈ దేశంలో ఇల్లు దొరకడం అంత కష్టమై కూర్చుంది. నాకు ఆ ముసలావిడ కంపు కంటే వీళ్ల మర్యాద ఎక్కువ రోత పుట్టించింది.

చివరగా వచ్చిన అమ్మాయి పేరు లెటీషా. నిండు కడుపు. భర్త ఎవర్టన్ బస్సు డ్రైవర్. ఇద్దరూ ఒక బేస్మెంట్‌లో అద్దెకుంటున్నారు. మంచు కరిగితే గోడల్లోంచి నీళ్లు ఊరతాయట, గోడ మీద బూజు గీకితే మళ్లీ వస్తుందట. అందులోనైనా ఉండనివ్వడం లేదు. యజమాని కొడుకు పెళ్లట, మార్చిలో ఖాళీ చెయ్యాలి. బిడ్డ పుట్టేదీ మార్చిలోనే. ఎన్నో ఇళ్లకు ధర రాసిచ్చారు, ప్రతిసారీ ఎవరో ఎక్కువ పెట్టి ఎగరేసుకుపోయారు. మెట్ల మీద బూట్లు తొడుక్కుంటూ ఇదంతా ఆమే చెప్పింది. ఏం పని చేస్తావమ్మా అంటే, వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకుంటాను అంది. వెనక గదిలో వెలుతురు గురించి ఏమీ అననిది ఆమె ఒక్కతే. మంచం ఊచ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి దిగిపోయింది.

మంగళవారం సాయంత్రం ధరలు తీసుకునే ముహూర్తం పెట్టారు. అయిదింటికే చీకటి పడింది. కొనేవాళ్ల ఏజెంట్లు వీధి పొడుగునా కార్లు ఆపుకుని, ఇంజన్లు ఆపకుండా కూర్చున్నారు. పొగ గొట్టాల్లోంచి తెల్లగా ఆవిరి లేస్తోంది. లోపల ట్రెంట్, మేనల్లుడు నా నిమ్మకాయల ముందు పిజ్జా తింటూ ఒక్కొక్కరి ధర విప్పుతున్నారు. మేనల్లుడి వేళ్లకు నూనె. ఆ వేళ్లు నాకి, అవే వేళ్లతో కాగితాలు తిప్పుతున్నాడు. ఇల్లు తనిఖీ చేయించుకున్నాకే కొంటామనే షరతు ఎవరు వదులుకుంటే వాళ్లకే మొగ్గు అని ట్రెంట్ ముందే అందరి చెవినా వేశాడు. ఎవరైనా చివరిసారి చూడటానికి వస్తారేమోనని నన్ను గిన్నె దగ్గర కాపలా ఉంచాడు.

లెటీషా వచ్చింది. ఎవర్టన్ బయట కారులో తమ ఏజెంట్‌తో కూర్చుని సంతకాలు పెడుతున్నాడట. వెనక గది ఒక్కసారి చూస్తాను అంది. నేను ముందు నడిచాను. దాల్చినచెక్క వాసన సగం మెట్ల దాకా మాతో వచ్చింది. అక్కడ ఆగిపోయింది. గోడ కట్టినట్టు.

తలుపు తీసి లైటు వేశాను. గది చల్లగా ఉంది. కిటికీ అవతల నల్లటి చీకటి, ఎక్కడో ఫ్యాక్టరీ చిమ్నీ మీద ఎర్రదీపం. తియ్యటి వాసన ఇప్పుడు గాలిలో లేదు. గాలే అదయింది. దుప్పటి మీద ఈగ ఒకటి పాకుతోంది. బయట గడ్డకట్టే చలి. ఈ చలిలో ఈగ...

లెటీషా తలుపు దగ్గరగా వేసింది.

"ఈ గదిలో ఎవరుండేవారండీ?" అని గుసగుసగా అడిగింది.

ఇల్లు చూడవచ్చినవాళ్లలో మొదటిసారి ఒకరు అడిగారు.

"నన్ను కాదు, కింద ట్రెంట్‌ని అడుగు. మొహం మీద అడిగితే బుకాయించలేడు" అన్నాను అంతే మెల్లగా. "అడుగమ్మా. అడిగి, వెళ్లిపో."

ఆమె నేల వంక చూసింది, కొత్త చెక్క వంక.

"అడిగితే వినాలి కదా. విన్నాక సంతకం పెట్టలేను. పెట్టకపోతే ఈ బిడ్డను ఆ బూజులోకి తీసుకెళ్లాలి. లేదంటే రోడ్డు మీదికి." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "వాసన నాకు తెలుసు. మా ఆశ్రమంలో కూడా పోయినవాళ్లను ఒకోసారి ఆలస్యంగా చూస్తారు."

నేను నోరు తెరిచాను, గస్ చెప్పిందంతా చెప్పేద్దామని. ఆమె తల అడ్డంగా ఊపింది. చెప్పకండి అన్నట్టు.

అప్పుడు చూశాం, ఇద్దరం. మంచంలో తెల్ల దుప్పటి మధ్యలో ఒక మరక. టీ రంగులో ఉంది. పరుపు లోపల్నించి ఊరుతున్నట్టు మెల్లగా... అంచులు పెరుగుతున్నాయి. ఈగ దాని ఒడ్డున ఆగింది. కుందేలు చెవి అందులో తడిసింది.

చేత్తో నోరు నొక్కుకున్నాను.

లెటీషా వంగింది. కుందేల్ని రెండు వేళ్లతో ఎత్తింది. దాన్ని తిప్పి, తడిసిన వైపు కిందికి పెట్టి, మరక మీద సరిగ్గా కూర్చోబెట్టింది. చెవులు సవరించింది. నేను చేసే పని... నా కంటే బాగా చేసింది.

ఊగుడు కుర్చీ కిర్రుమంది.

కుర్చీ కదల్లేదు. చప్పుడు మాత్రం వచ్చింది. తర్వాత, నా చెవికి జానెడు దూరంలో, ఎండిపోయిన గొంతు ఒకటి.

"ఎవరైనా వచ్చారా?"

విసుగు లేదు, కోపం లేదు. చాలాకాలంగా అదే అడుగుతూ అలసిపోయిన గొంతు. నేను లెటీషా వంక చూశాను. ఆమె నా వంక చూసింది. విన్నది. ఆమె విన్నదని నాకు తెలుసు, నేను విన్నానని ఆమెకు తెలుసు.

"ఎవరైనా..."

లెటీషా కిటికీ వైపు తిరిగింది. అద్దం నిండా చీకటి.

"వెలుతురు బాగా వస్తుందండీ ఈ గదిలో" అంది. గట్టిగా.

నేను మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. గిన్నెలో నీళ్లు ఇంకిపోయి దాల్చినచెక్క మాడుతోంది. ట్రెంట్ లేచి నిలబడి మేనల్లుడి చెయ్యి ఊపుతున్నాడు. ఏ షరతూ లేకుండా బస్సు డ్రైవర్ దంపతులు అందరికంటే ఎక్కువ పెట్టారట. బయటి నుంచి ఎవర్టన్ పరుగెత్తుకొచ్చి, నా వెనకే దిగిన భార్యను పట్టుకుని ఏడ్చాడు. ఆమె అతని భుజం మీదుగా మెట్ల పైకి చూస్తోంది.

మర్నాడు సోఫా, నిమ్మకాయలు తెచ్చుకున్నాను. పై గదికి వెళ్లలేదు. ఆ మంచం, ఊగుడు కుర్చీ మీకే వదిలేస్తున్నానని లెటీషాకు కబురు పెట్టాను. అప్పటి నుంచి ట్రెంట్ ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆ గిన్నెను చెత్తలో పారేశాను.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం లెటీషా ఫోన్ చేసింది. ఆడపిల్ల పుట్టిందట. బాగున్నారట. ఎవర్టన్ డ్యూటీకి వెళ్లాడు, ఇంట్లో తనూ పాపా అంతే అంది. గొంతు మామూలుగానే ఉంది, కొంచెం నిద్ర చాలనట్టు. వాసన సంగతి ఎత్తలేదు. మీ గిన్నెలో ఏమేం వేస్తారో చెప్పరా, చుట్టాలు వస్తామంటున్నారు అని అడిగింది.

చెప్పసాగాను. దాల్చినచెక్క రెండు ముక్కలు, లవంగాలు, నారింజ తొక్క. నీళ్లు ఇంకిపోనివ్వకూడదు. ఆమె వెనకాల ఎక్కడో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. వెళ్లి చూసుకో అందామనుకున్నాను. అంతలో ఊగుడు కుర్చీ కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. నిదానంగా, ఎవరో ఒళ్లో వేసుకుని ఊపుతున్నట్టు. పాప ఏడుపు ఆగిపోయింది.

ఎవరు ఎత్తుకున్నారమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నేను అడగలేదు.

"ఎవరైనా వచ్చారా?" అంది ఫోన్‌లో ఆ గొంతు, దూరంగా.

"ఎవరూ రాలేదమ్మా. పాపను మెల్లగా పడుకోబెట్టు" అంది లెటీషా, అలవాటైన గొంతుతో. తర్వాత నాతో, "ఆఁ, చెప్పండి. నారింజ తొక్క తర్వాత?"